మా అత్తయ్య విప్పి చూసిన బండ్లు

మా అత్తయ్య పోయారన్న కబురు వచ్చేసరికి నేను బాపట్లలో మా స్కూల్లో ఎనిమిదో తరగతికి భిన్నాలు చెబుతున్నాను. ఫోను తెనాలి నుంచి. అత్తయ్య అద్దెకుంటున్న ఇంటి పైవాటాలో ఉండే ఇంటావిడ చేశారు. ఆ వేళప్పుడు ఆవిడ నాకు ఎన్నడూ చేయరు. గది బయటికి వచ్చి తీశాను.

"అమ్మా, మీ అత్తగారు కుట్టుమిషను మీదే తల వాల్చేసి ఉన్నారు. కునుకు పట్టిందేమో అనుకున్నామండి. ఎంత పిలిచినా లేవలేదు. డాక్టరుగారు వచ్చి చూసి, గుండె ఆగిపోయిందన్నారు. మీరిద్దరూ బయల్దేరి రండమ్మా."

మా ఆయనా నేనూ దొరికిన రైలు ఎక్కాం. రైలు నిడుబ్రోలు దాటింది. అప్పుడు ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూనే, "పొద్దున అమ్మ నీకు ఫోన్ చేసిందా?" అని అడిగారు.

"చేశారు."

"ఏమంది?"

"బ్యాటరీ బండికి ఇంజన్ ఆయిల్ ఉండదంట కదా, మరి లోపల తిరిగేవి ఒకదానికొకటి ఒరుసుకుని అరిగిపోవా అని అడిగారు. నాకు తెలీదు, సాయంత్రం కనుక్కుని చెబుతానన్నాను."

ఆయన నవ్వారు. ఆ నవ్వు పూర్తి కాకముందే మొహం రెండు చేతుల్లో దాచుకున్నారు.

ఆవిడను ఎరగనివాళ్ళకు ఇది వింతగా ఉండవచ్చు. తల్లి చివరిసారి ఫోన్లో ఏం మాట్లాడిందని అడిగితే, ఒంట్లో బాగోలేదనో, మనవడు ఎలా ఉన్నాడనో అన్నదని చెబుతారు ఎవరైనా. మా అత్తయ్య చివరిగా అడిగింది ఆ ఆయిల్ సంగతే. అంతకుముందు రోజు ఏం అడిగారో కూడా నాకు గుర్తుంది. కుక్కర్ విజిల్ లోపలికి ఆవిరి ఏ దారిన వస్తుందని.

ఆవిడ తెనాలిలో జాకెట్లు కుట్టేవారు. మామయ్యగారు ఉన్నప్పుడూ కుట్టారు, ఆయన పోయాకా కుట్టారు. బాపట్ల వచ్చి మాతో ఉండమని నేను అడిగినప్పుడల్లా, "నా కొలతలన్నీ ఇక్కడే ఉన్నాయమ్మాయ్" అనేవారు. కొలతలంటే మనుషులు. నలభై ఏళ్ళుగా ఆవిడ దగ్గరే కుట్టించుకునే ఆడవాళ్ళు తెనాలిలో వీధికొకరు ఉన్నారు. మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉండేది. ఒకసారి పెళ్ళిలో పట్టుచీర మీద కూడా ఆ టేపు వేసుకుని వచ్చేస్తే నేనే తీసి దాచాను.

నాకు పెళ్ళైన కొత్తలో ఆవిడంటే కొంచెం భయం. మా పుట్టిల్లు రేపల్లె. అత్తవారింటికి వచ్చిన మర్నాడు పొద్దున వంటింట్లోకి వెళ్తే, ఆవిడ నేల మీద కూర్చుని మిక్సీని బోర్లించి విప్పుతున్నారు. కొత్త కోడలి చేతిలో ఏం పెడతారో అని అమ్మ నాకు చాలా చెప్పి పంపింది. ఆవిడ నా చేతిలో నాలుగు స్క్రూలు పెట్టారు.

"జాగ్రత్తగా పట్టుకో అమ్మాయ్, పడిపోతే మళ్ళీ దొరకవు. రాత్రి నుంచీ ఇది గర్ర్‌మంటోంది."

"బాగుచేయడం వచ్చా అత్తయ్యా?"

"రాదు. ఏంటో చూద్దాం."

"ఏంటో చూద్దాం" అన్నది ఆవిడ మాట. మా ఇంట్లో ఏది పాడైనా, ఏది అర్థం కాకపోయినా ముందు ఆ మాటే వినిపించేది. విప్పిన వాటిలో కొన్ని బాగయ్యేవి. కొన్ని అసలుకే పోయేవి. ఆ మిక్సీ పోయింది. దానికి ఆవిడ బాధపడలేదు. లోపల రాగితీగ అంత పొందిగ్గా చుట్టి ఉందని రెండు రోజులు చెప్పుకున్నారు.

బండి సంగతి ఆ తర్వాత చాలా ఏళ్ళకు వచ్చింది. నేను కొత్త స్కూటర్ కొనుక్కున్నప్పుడు పాతది అమ్మేద్దామనుకున్నాం. "నాకివ్వండి" అన్నారు ఆవిడ. అప్పటికి అరవై దాటాయి. మా ఆయన వద్దన్నారు. తెనాలి రోడ్ల మీద ఆటోలను తలుచుకుంటే నాకూ భయమేసింది. ఆవిడ మాత్రం ఊరి బయట ప్లాట్లు వేసి వదిలేసిన ఖాళీ లేఅవుట్లో ఒక నెలపాటు పొద్దున్నే తిరిగి తిరిగి నేర్చుకున్నారు. ఎవరు నేర్పారని అడిగితే, జాకెట్టు కుట్టించుకోవడానికొచ్చే ఓ కానిస్టేబులు భార్య పేరు చెప్పారు. కూలి కింద ఆ అమ్మాయికి రెండు జాకెట్లు కుట్టిచ్చారట.

వాళ్ళ వీధి చివర ఒక మెకానిక్ షెడ్డు ఉంది. అతను ముస్లిం. ఆవిడకంటే పదేళ్ళు చిన్నవాడు. వాళ్ళింటి ఆడవాళ్ళ బట్టలన్నీ మా అత్తయ్యే కుట్టేవారు. అతన్ని ఆవిడ తమ్ముడూ అనేవారు, అతను అక్కా అనేవాడు. మొదటిసారి బండిని ఆయిల్ మార్పించడానికి తీసుకెళ్ళినప్పుడు నేనూ వెంట ఉన్నాను. అందరిలాగా ఆవిడ బయట కుర్చీలో కూర్చోలేదు. అతని పక్కనే గొంతుక్కూర్చున్నారు. అతను కింద బోల్టు విప్పగానే నల్లటి నూనె బేసిన్లోకి ధారగా పడింది. ఆవిడ అందులో చూపుడువేలు ముంచి, బొటనవేలితో రాసి చూశారు.

"పోసేటప్పుడు తేనెలా ఉంటుంది కదా తమ్ముడూ. ఇలా ఎందుకైంది?"

"వేడికక్కా. ఇంజన్లో మసి కూడా కలుస్తది."

"గారెలు వేసిన నూనె కూడా వేడికి నల్లబడుతుంది. కానీ అది జిగురొస్తుంది. ఇది పల్చబడింది. అదెందుకూ?"

అతను పానా పక్కన పెట్టి తనూ వేలు ముంచి చూశాడు. "నిజమే. ఎప్పుడూ అనుకోలేదక్కా" అన్నాడు.

"నా కుట్టుమిషనుకి వారానికి రెండు చుక్కలు చాలు. దీనికి ఇంతెందుకూ?"

"మీరు అన్నీ అడుగుతారేంటక్కా" అని నవ్వాడు. దారిలో ఆవిడ ఒకటే మాట. "పావుగంట పనేగా అమ్మాయ్. ఇంట్లోనే చేసుకుంటే నిదానంగా చూడొచ్చు. అక్కడ వెనకాల నలుగురు నిలబడి ఉంటే ఎంతసేపని చూస్తాం."

మర్నాటికల్లా ఆవిడ ఫోన్లో వీడియోలు చూడడం మొదలుపెట్టారు. కుడుతూ కుడుతూ వినేవారు. కొన్నాళ్ళకు మళ్ళీ ఆయిల్ మార్చే వేళ వచ్చేసరికి ఒక పానా, ఒక గరాటు, పాత బేసిను, ఒక డబ్బా ఆయిలు సిద్ధం చేసుకుని, సెలవు రోజు చూసి నన్ను తెనాలి రమ్మన్నారు. చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపి, పైన మామయ్యగారి పాత చొక్కా తొడుక్కున్నారు.

చేసిన పద్ధతంతా సరిగ్గానే ఉంది. ముందు బండిని కాసేపు ఆన్ చేసి ఉంచారు. వేడెక్కితే నూనె పల్చబడి తొందరగా దిగుతుందట. ఆపేసి పెద్ద స్టాండు వేశారు. కింద బేసిను పెట్టారు. బోల్టు విప్పారు. నూనె వచ్చింది, కానీ చాలా కొంచెమే. అదీ అంత నల్లగా లేదు.

"మన బండి శుభ్రంగానే ఉంది అమ్మాయ్. పోయినసారి షెడ్డులో పడిందంతా ఎన్నాళ్ళదో పాత మురికేమో" అన్నారు తృప్తిగా.

బోల్టు బిగించి, గరాటు పెట్టి డబ్బా అంతా పోసేశారు. ఆయిల్ ఎంతుందో చూసుకునే పుల్ల ఒకటి ఉంటుంది. దాన్ని తుడిచి ముంచి తీస్తే గీత దాటి చాలా పైకి ఉంది. "ఎక్కువుంటే మంచిదేగా, మిషనుకి ఎక్కువైతే కారిపోతుందంతే" అన్నారు. నాకూ తెలియదు కదా, ఊఁ అన్నాను.

ఇద్దరం దాని మీద బజారుకు బయల్దేరాం. వీధి మలుపు తిరిగేసరికి బండి బరువుగా లాగుతోంది. వెనక నుంచి తెల్లటి పొగ. దోమల మందు కొట్టే బండి వచ్చిందనుకుని ఎవరో తలుపులు వేసుకున్నారు కూడా. వెనక చక్రం దగ్గర ఏదో గీరుతున్న చప్పుడు. ఆవిడ బండి ఆపి, చెవి దగ్గరగా పెట్టి, "దీనికి ఆయాసం వస్తోంది అమ్మాయ్" అన్నారు.

నెట్టుకుంటూ షెడ్డుకు తీసుకెళ్ళాం. అతను అంతా విని, నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగాడు. తర్వాత బండి కిందికి వంగి చూపించాడు.

"అక్కా, ఈ బండికి రెండు బోల్టులుంటయి. ఇది ఇంజన్ ఆయిల్‌ది. వెనకాల ఇది గేరు ఆయిల్‌ది. మీరు గేరు ఆయిల్ తీసేసి, ఇంజన్లో ఉన్నదాని మీద మళ్ళీ పోశారు. ఒకటి ఖాళీ, ఒకటి రెండింతలు."

నేనైతే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఆవిడ కళ్ళు మెరిశాయి.

"ఒక్క బండికి రెండు నూనెలెందుకు తమ్ముడూ?"

అతను చెప్పబోయి ఆగాడు. లోపలికి వెళ్ళి, ఎప్పటిదో పాత బండి గేరుపెట్టె ఒకటి తెచ్చి, మూత తీసి ఆవిడ ముందు పెట్టాడు. పళ్ళచక్రాలు ఒకదాన్నొకటి పట్టుకుని తిరగడం, వాటికి మసి తగలని వేరే గది ఉండడం, అక్కడ చిక్కటి నూనె కావాల్సి రావడం ఇద్దరూ తిప్పి చూసుకుంటూ మాట్లాడుకున్నారు. నన్నూ బండినీ పూర్తిగా మర్చిపోయారు. బజారు పని ఆ రోజు కాలేదు. ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ అన్నారు. "తప్పు బోల్టు విప్పబట్టి రెండోది తెలిసింది. సరైనది విప్పుంటే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు కదా."

ఆ తర్వాత ఆవిడ ఆ పనిలో బాగా ఆరితేరారు. జాకెట్ల కోసం వచ్చినవాళ్ళు వరండాలో నిలబడి చూసేవారు. ఒకరిద్దరు తమ బండ్లు కూడా తెచ్చేవారు. చేసిపెట్టడానికి ఆవిడ ఒప్పుకునేవారు కాదు. "పక్కన కూర్చుని చెబుతాను, నువ్వే విప్పు" అనేవారు. బోల్టు మరీ బిగించేవాళ్ళను ఆపేవారు. "గుండీ కుట్టినట్టు బిగించాలి. ఊడకూడదు, గుడ్డ ముడతా పడకూడదు."

నేను ఇదంతా రాయడానికి అసలు కారణం మాత్రం రేపల్లెలో జరిగింది.

రెండేళ్ళ కిందట మా నాన్నగారు పోయారు. ఆయనకు రేపల్లెలో విత్తనాల కొట్టు ఉండేది. ఇప్పుడు మా తమ్ముడు చూసుకుంటున్నాడు. అమ్మ తమ్ముడి దగ్గరే ఉంటుంది. తమ్ముడూ మరదలూ ఆమెను కళ్ళలో పెట్టుకుని చూస్తారు. అయినా నాన్నగారు పోయిన తర్వాత అమ్మ మాట్లాడడం మానేసింది. పెడితే తినేది. లేపితే లేచేది. మిగతా వేళంతా గోడవైపు తిరిగి పడుకునేది. గుంటూరులో డాక్టరుకు చూపించాం. మాత్రలు వేసుకుంది, నిద్రపోయింది, అంతే. ప్రతి ఆదివారం నేను బాపట్ల నుంచి వెళ్ళి పక్కన కూర్చుని పాత సంగతులు తవ్వేదాన్ని. "ఊఁ" అనేది. ఆ ఊఁ కూడా రానురాను తగ్గిపోయింది. నాన్నగారు పోయిన ఏడాదిలోనే అమ్మ కూడా పోతుందని నాకు లోపల్లోపల తెలిసిపోయినట్టే ఉండేది. ఆ మాట మా ఆయనతో కూడా అనలేదు.

అత్తయ్య తన స్కూటర్ మీద వేమూరు, భట్టిప్రోలు మీదుగా అప్పుడప్పుడు రేపల్లె వచ్చేవారు. వచ్చినప్పుడు ఓదార్పు మాటలేం చెప్పేవారు కాదు. మంచం పక్కన కూర్చుని, తెచ్చుకున్న జాకెట్టుకు హుక్కులు కుట్టుకుని వెళ్ళిపోయేవారు. ఒక రోజు వెళ్ళబోతూ వసారాలో ఆగారు. అక్కడ మా నాన్నగారి మోటారుసైకిలు కవరు కప్పి ఉంది. ఆయన పోయాక దాన్ని ఎవరూ కదపలేదు. తమ్ముడు ఒకసారి అమ్మేద్దామా అని అడిగితే అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. అప్పటినుంచి ఆ వసారావైపే ఎవరూ చూసేవాళ్ళం కాదు.

అత్తయ్య కవరు ఎత్తి చూసి, తిరిగి లోపలికి వచ్చారు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను.

"వదినగారూ, అన్నయ్యగారు దీనికి ఆయిలు ఎప్పుడు మార్పించారో ఏమైనా గుర్తుందాండి?"

అమ్మ కదలలేదు. నేను వద్దన్నట్టు సైగ చేశాను. ఆవిడ నన్ను చూడలేదు, జవాబు కోసం నిజంగానే ఎదురుచూస్తున్నట్టు అలా నిలబడ్డారు. చాలాసేపటికి గోడవైపు నుంచే మాట వచ్చింది.

"దీపావళి ముందు."

"అంటే ఏడాది దాటిపోయిందన్నమాట. ఏడాది కదలకుండా ఉన్న నూనె ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూళ్ళేదండి. వచ్చే ఆదివారం వచ్చి విప్పి చూస్తాను. మీరు వద్దంటే విప్పను."

అమ్మ వద్దనలేదు. అవుననీ అనలేదు.

ఆ ఆదివారం నేను పొద్దున్నే రేపల్లె చేరుకున్నాను. అత్తయ్య తన సరంజామాతో వచ్చి వసారాలో పరిచారు. బండి స్టార్టవలేదు కాబట్టి వేడిచేసే వీలు లేదు. బోల్టు విప్పితే నూనె సన్నగా, పాకం సాగినట్టు దిగుతోంది. "ఇది ఇవాళంతా దిగేలా ఉంది" అని ఆవిడ పీట వేసుకుని కూర్చున్నారు. చేయి తుడుచుకోవడానికి తెచ్చుకున్న గుడ్డ అప్పటికే తడిసిపోయింది.

"పాత గుడ్డేమైనా ఉందా అమ్మా?" అని మా మరదల్ని కేకేశారు.

మరదలు వంటింట్లోంచి వచ్చేలోగా గదిలో బీరువా తలుపు చప్పుడైంది. అమ్మ వచ్చింది. ఆమె చేతిలో నాన్నగారి లుంగీ ఉంది. ఆ ఏడాదంతా ఆయన బట్టల మీద మమ్మల్నెవర్నీ చెయ్యి వేయనివ్వలేదు. గుమ్మంలో నిలబడి, పళ్ళతో అంచు కొరికి, దాన్ని నిలువునా చించింది.

"ఇది మెత్తగా ఉంటుంది వదినగారూ" అంది.

తమ్ముడు మొహం అటు తిప్పుకున్నాడు. అత్తయ్య మాత్రం మామూలుగా ఆ ముక్క అందుకుని, "నూలుదేనాండి? నూలే బాగా పీలుస్తుంది" అని తుడుచుకున్నారు. పక్కనే ఉన్న ఇంకో పీట కొంచెం ఇటు జరిపారు. అమ్మ కూర్చుంది.

ఇద్దరూ ఆ ధారనే చూస్తున్నారు. కాసేపయ్యాక అమ్మ అడిగింది. "ఇంత నల్లగా ఉందేంటండీ? ఆయన బండి రోజూ తుడుచుకునేవారు కదా."

"బయటే కదండీ తుడిచేది. లోపలిది లోపలే ఉంటుంది."

"అయితే ఈ నలుపంతా లోపలిదేనా?"

"అవునండి. అక్కడ పుట్టే మసినీ మురికినీ ఇది పట్టుకుంటుందంట. మా మెకానిక్ తమ్ముడు కనుక్కుని చెప్పాడు. నల్లబడిందంటే పని చేసిందని లెక్కంటండి."

అమ్మ వంగి వేలు ముంచింది. అత్తయ్య చేసినట్టే బొటనవేలితో రాసి చూసింది. వాసన చూసింది. "ఎన్నాళ్ళు పట్టుకోగలదు?" అంది.

"పట్టినన్నాళ్ళు. ఆ తర్వాత మార్చాలి."

నేను లోపలికి వెళ్ళి వంటింట్లో గట్టు పట్టుకుని నిలబడిపోయాను. వసారాలోంచి వాళ్ళ మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. ఆ బండి కొన్న రోజు నాన్నగారు పెట్రోలు పోయించడం మర్చిపోయి గుడి దగ్గర్నుంచి ఇంటిదాకా తోసుకొచ్చారట. నాకు తెలియదు ఆ సంగతి. తమ్ముడికీ తెలియదు.

నూనె దిగాక ఇంకో రభస జరిగింది. ఆ పాత నూనె ఏం చేయాలన్నది. తమ్ముడు దొడ్లో కంచె కర్రల మొదట్లో పోద్దాం, చెద పట్టదన్నాడు. మా ఊళ్ళో అందరూ అదే చేస్తారు. అత్తయ్య ఆలోచించారు. "మట్టిలో పోస్తే అది ఎటు పోతుంది బాబూ?"

"ఎటు పోతుందండి, ఇంకిపోతుంది."

"ఇంకి?"

ఆవిడ "ఏంటో చూద్దాం" అని, గంగాళంలో నీళ్ళు పోయించి ఒక్క చుక్క వేశారు. ఆ చుక్క గంగాళం అంచుల దాకా పరుచుకుని, ఎండలో రంగురంగులుగా తిరిగింది. అమ్మా మరదలూ మీదికి వంగి చూశారు. "ఒక్క చుక్కే" అంది అమ్మ. మా దొడ్డిగోడ అవతలే పంటకాలువ. ఇక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. అత్తయ్య ఆ నూనెను డబ్బాలో పోసి మూత బిగించి, తన స్కూటర్లో పెట్టుకుని తెనాలి తీసుకెళ్ళారు. షెడ్డు దగ్గర పాత నూనె కొనుక్కెళ్ళేవాళ్ళ కోసం ఒక డ్రమ్ము ఉంటుంది. అందులో పోసేశారు.

బండి ఆ రోజు స్టార్టవలేదు. తమ్ముడు పెట్రోలు మార్చి, ప్లగ్గు తీసి గీకి, మర్నాడంతా తంటాలు పడ్డాడు. మూడో రోజు సాయంత్రం అంటుకుందని ఫోన్ చేశాడు. అమ్మ ఏం చేసిందని అడిగాను. "ఏం చేయలేదక్కా. గేటు తియ్యమంది. ఒక రౌండు వేసి రమ్మంది" అన్నాడు.

ఒక్క రోజులో అమ్మ మామూలు మనిషైపోయిందని నేను చెప్పను. ఆ తర్వాత కూడా పడుకునే రోజులు ఉన్నాయి. కానీ ఆదివారం నేను వెళ్తే గోడవైపు కాక గుమ్మంవైపు తిరిగి ఉండేది. "మీ అత్తగారు ఏమంటున్నారు, ఏదో కనుక్కుంటానన్నారు" అని తనే మొదలుపెట్టేది. ఇద్దరూ రోజూ ఫోన్లో మాట్లాడుకునేవారు. ఇద్దరు వియ్యపురాళ్ళు ఏం మాట్లాడుకుంటారో అని మేం భయపడే వయసు దాటిపోయాం. వాళ్ళు మాట్లాడుకున్నది వేటపాలెంలో జీడిపిక్కను చేతులు పొక్కించే జీడిరసం అంటకుండా ఎలా కొడతారు అన్న దాని గురించి. ఒక రోజు చెప్పకుండా ఇద్దరూ వెళ్ళి చూసి కూడా వచ్చారు.

అంతా అయ్యాక ఒకసారి అత్తయ్యను అడిగాను. "అమ్మను లేపడానికే కదా అత్తయ్యా, ఆ బండి వంక పెట్టుకున్నారు?"

ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ నావైపు చూశారు. "వంకేంటి అమ్మాయ్. నాకు నిజంగానే చూడాలనిపించింది. ఒక్కదాన్నే చూస్తే ఏం బాగుంటుంది చెప్పు."

ఆ మాట నేను చాలాసార్లు తలుచుకున్నాను. మంచి చేద్దామని నేను ఆదివారాలన్నీ వెళ్ళాను. నా ప్రశ్నలన్నీ అమ్మ గురించే. తిన్నావా, పడుకున్నావా, మాత్ర వేసుకున్నావా. ఆవిడ అడిగింది మాత్రం తనకు తెలియని సంగతి, అమ్మకు తెలిసిన సంగతి. ఏడాదిగా మాలో ఎవరమూ అమ్మను అలా ఏదీ అడిగి తెలుసుకోలేదు.

మేం తెనాలి చేరేసరికి వరండా నిండా ఆడవాళ్ళు. చాలామంది ఒంటి మీద ఉన్నవి ఆవిడ కుట్టిన జాకెట్లే. రేపల్లె నుంచి అమ్మ మాకంటే ముందే వచ్చి కూర్చుంది, తమ్ముడు నాన్నగారి బండి మీద తీసుకొచ్చాడట. స్నానం చేయించేటప్పుడు ఒకావిడ అత్తయ్య చేతులు రుద్దుతూ, గోళ్ళ అంచుల్లో సన్నగా ఉన్న నల్ల గీత పోవడం లేదని పీచు అడిగింది. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"అది ఉండనీండమ్మా" అంది.

మెకానిక్ షెడ్డు మూసేసి వచ్చాడు. గుంపులో కలవకుండా గేటు దగ్గరే నిలబడ్డాడు. నేను అతని దగ్గరికి వెళ్ళాను.

"మొన్న అక్క రైలింజనుకి నూనె ఎక్కడ పోస్తారని అడిగింది అమ్మా. నాకు తెలీదన్నా. స్టేషన్లో తెలిసినాయన ఉంటే అడిగి పెట్టుకున్నా. ఆదివారం చెబుదామనుకున్నా."

"నాకు చెప్పండి" అన్నాను.

అతను చెప్పాడు. చేతులతో ఆకారాలు గీసి, ఎంత పెద్ద ట్యాంకులో ఎన్ని పీపాల నూనె పడుతుందో, దాన్ని ఎప్పుడు తీసి పరీక్షకు పంపుతారో అన్నీ వివరంగా చెప్పాడు. నేను మధ్యలో ఒకటి రెండు ప్రశ్నలు వేశాను. అలా అడగడం నాకు ఎప్పటినుంచి అలవాటైందో తెలియదు.

ఇప్పుడు ఆవిడను తలుచుకుంటే నాకు తెనాలి ఇల్లు కాదు, పెనుమూడి రేవు కళ్ళ ముందుకొస్తుంది. పోయిన చలికాలం ఒక ఆదివారం నేను, అమ్మ, ఆవిడ రేపల్లె నుంచి రెండు స్కూటర్ల మీద కృష్ణ ఒడ్డుకు వెళ్ళాం. వంతెన మీద ఆగి నీళ్ళకేసి చూస్తూ ఆవిడ, "సముద్రం ఇక్కడికి దగ్గరే కదా వదినగారూ, మరి ఈ నీళ్ళు ఎక్కడ ఉప్పగా మారతాయి?" అని అడిగారు. అన్నేళ్ళుగా అక్కడే ఉన్నా అమ్మకు తెలియదు. నాకూ తెలియదు. వంతెన దిగి వచ్చి, ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒకాయన్ని అడిగితే, "ఒకచోటని లేదండి. పోటెక్కితే ఉప్పు ఇక్కడిదాకా వచ్చేద్ది, పాటుకి దిగిపోద్ది" అన్నాడు.

"ఇప్పుడు పోటా, పాటా?"

ఆయన నవ్వాడు. "రుచి చూసుకోండి, తెలిసిపోద్ది."

నేను బండ్ల దగ్గరే ఉండిపోయాను. వాళ్ళిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఒడ్డు దిగారు. చీరలు మోకాళ్ళ దాకా ఎగగట్టి, నీళ్ళ అంచున పక్కపక్కనే గొంతుక్కూర్చున్నారు. ఇద్దరూ దోసిట్లోకి నీళ్ళు తీసుకున్నారు. నోట్లో పోసుకుని కళ్ళు మూసుకున్నారు. తర్వాత ఎవరు ముందు చెబుతారా అని ఒకరి మొహంలోకి ఒకరు చూసుకుంటూ అలాగే ఉండిపోయారు, వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారుతుండగా.